రాత్రి పడుకోగానే కాళ్ళు లాగేస్తున్నాయి, కదపకుండా ఉండలేకపోతున్నా – రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారు?

పద్మ_కాకినాడ

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. నాకు 46 ఏళ్ళు, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. సమస్య ఏంటంటే పగలంతా బాగానే ఉంటా, పాఠం చెప్తూ నిలబడే ఉంటా కాబట్టి కాళ్ళ సంగతే గుర్తుకు రాదు. రాత్రి అన్నం తిని, పేపర్లు దిద్దుకుని, ఇలా నడుం వాల్చానో లేదో పిక్కల లోపల మొదలవుతుంది. నొప్పి అని చెప్పలేను, తిమ్మిరి కూడా కాదు. ఎముకకీ కండకీ మధ్య ఏదో పాకుతున్నట్టు ఉంటుంది, కాలు కదిపితే పోతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. లేచి హాల్లో నాలుగు రౌండ్లు కొడితే హాయిగా ఉంటుంది, సరే తగ్గింది కదా అని వెళ్ళి పడుకుంటే అయిదు నిమిషాల్లో మళ్ళీ మొదటికే. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నిద్ర పడుతుంది, ఆరింటికి లేవాలి.

మా అమ్మకీ ఇదే ఉండేది. చిన్నప్పుడు మమ్మల్ని పిలిచి "కాస్త కాళ్ళు తొక్కండే" అనేది, మేం గోడ పట్టుకుని ఆవిడ పిక్కల మీద నడిచేవాళ్ళం. ఆవిడకి వయసు వల్ల అనుకున్నాం, ఇప్పుడు లెక్కేస్తే అప్పటికి ఆవిడకి 35 కూడా లేవు.

ఒక డాక్టరు గారు విటమిన్లు, కాల్షియం రాశారు, తేడా లేదు. ఇంకొకాయన నరాల బలహీనత అని ప్రీగాబలిన్, నార్ట్రిప్టిలిన్ కలిసిన మాత్ర ఇచ్చారు. నిద్ర మత్తుగా ఉంది గానీ కాళ్ళు మాత్రం ఆగట్లేదు, ఇంకాస్త ఎక్కువైందేమో అని కూడా అనుమానం. నెట్‌లో చూస్తే రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అని కనిపించింది. మీలో ఎవరికైనా ఉందా? దేనితో తగ్గింది?

కరీంనగర్_శీను

అక్కా మీరు రాసింది చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. నాకు సినిమా హాల్లో కూసుంటే ఇంటర్వెల్ దాకా ఆగడం నరకం. పక్కాయన నా కాలు దిక్కు చూసుడు, నేను సారీ అనుడు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కితే స్లీపర్‌లో కాళ్ళు చాపే జాగా ఉన్నా నిద్ర రాదు, డ్రైవర్ చాయ్‌కి ఎప్పుడు ఆపుతడా అని చూస్తుంటా. మా నానమ్మ అయితే "కాళ్ళూపితే ఇంట్ల దరిద్రం" అని తిట్టేది. ఊపకపోతే నాకు పిచ్చెక్కుతది, ఊపితే ఇంటికి దరిద్రం, ఏం చెయ్యాలె మరి. ఈ థ్రెడ్ ఫాలో అవుతున్నా.

ల్యాబ్_బాబాయ్

పద్మ గారూ, నేను గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను, డాక్టర్ని కాదు. నా భార్యకీ ఇదే జబ్బు కాబట్టి కాస్త తెలుసు.

ముందు ఇది అదేనా కాదా అన్నది తేల్చుకోవాలి. డాక్టర్లు అడిగేవి ఇవే: కాళ్ళు కదపాలన్న ఆరాటం ఉందా, కూర్చున్నా పడుకున్నా మొదలవుతుందా లేక ఎక్కువవుతుందా, కదిపితే కదిపినంతసేపు తగ్గుతుందా, సాయంత్రం రాత్రి ఎక్కువా, ఇదంతా ఇంకో కారణం వల్ల కాదు కదా. ఆ చివరిదాని దగ్గరే చాలామంది తప్పుదారి పడతారు. పిక్క గట్టిగా రాయిలా పట్టేసి నొప్పి పుడితే అది క్రాంప్, వేరు. షుగర్ ఉన్నవాళ్ళకి అరికాళ్ళ మంటలు, మొద్దుబారడం ఉంటాయి, అవి పగలూ రాత్రీ ఉంటాయి, నడిచినంత మాత్రాన పోవు. మీరు రాసినదాంట్లో నడిస్తే పూర్తిగా పోతోంది, రాత్రే వస్తోంది, అమ్మగారికీ ఉంది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు, ముఖ్యంగా చిన్నవయసులో మొదలైనవాళ్ళలో.

దీనికి స్కాన్ లేదు, నరాల పరీక్ష అక్కర్లేదు, చెప్పిన మాటల మీదే నిర్ధారణ. కానీ ఒక రక్తపరీక్ష మాత్రం తప్పనిసరి. సీరం ఫెరిటిన్, దానితోపాటు ఐరన్, టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఇనుము మోయగలదో), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (అందులో ఎంత శాతం నిండి ఉందో). ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో ఫెరిటిన్ చెప్తుంది. మీకు ఎవరైనా చేయించారా?

పద్మ_కాకినాడ

హిమోగ్లోబిన్ చేశారండీ, 12.1 ఉంది, రక్తం బాగానే ఉంది అన్నారు. ఫెరిటిన్ ఎవరూ రాయలేదు.

ల్యాబ్_బాబాయ్

అదే చెప్పబోయేది. హిమోగ్లోబిన్ బాగుండి ఫెరిటిన్ అడుగంటిపోయిన రిపోర్టులు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్ళాయి. రక్తం తయారీకి ఉన్నదంతా వాడేసి ఒళ్ళు నెట్టుకొస్తుంటుంది, నిల్వ ఖాళీ. ఈ జబ్బులో అసలు చిక్కు మెదడులో ఇనుము తక్కువవడం, దానివల్ల డోపమైన్ (కదలికల్ని నడిపించే మెదడు రసాయనం) వ్యవహారం దెబ్బతినడం అని పరిశోధకులు అంటారు. ఈ జబ్బు ఉండి చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షించినప్పుడు కూడా ఇనుము తక్కువ కనిపించింది.

పరీక్షకి పొద్దున్నే, పరగడుపున వెళ్ళండి. ఐరన్ మాత్ర వేసుకుంటుంటే ముందురోజు మానేయండి. జ్వరమో, ఏదైనా ఇన్‌ఫెక్షనో ఉన్నప్పుడు చేయించకండి. అప్పుడు ఫెరిటిన్ దొంగ ఎక్కువ చూపిస్తుంది.

నిజం_నాని

ఎవరూ ఏమీ అనుకోవద్దు గానీ, ఇదంతా ఫార్మా కంపెనీలు పుట్టించిన జబ్బు. మన తాతల కాలంలో ఉందా? పొద్దస్తమానం పొలంలో పనిచేసి రాత్రి పడుకుంటే కాళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసి కాళ్ళు లాగుతున్నాయంటారు. రోజూ 5 కిలోమీటర్లు నడవండి, ఏ మాత్రా అక్కర్లేదు.

డల్లాస్_వాసు

నాని గారూ, పద్మ గారి అమ్మగారు పిల్లల చేత కాళ్ళు తొక్కించుకున్నది ఏ ఫార్మా కంపెనీ చెప్పిందని? థామస్ విల్లిస్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1672 లోనే దీన్ని వర్ణించాడు, పడుకోబోతే కాళ్ళూ చేతులూ ఎగిరిపడి నిద్ర పోలేని మనుషుల గురించి. 1945 లో స్వీడన్‌కి చెందిన ఎక్బోమ్ ఇప్పుడున్న పేరు పెట్టి వివరంగా రాశాడు, అందుకే విల్లిస్–ఎక్బోమ్ జబ్బు అని కూడా అంటారు.

అయితే మీ మాటలో సగం నిజం లేకపోలేదు. ఇక్కడ అమెరికాలో 2005 లో రోపినిరోల్‌కి, 2006 లో ప్రామిపెక్సోల్‌కి ఈ జబ్బు కోసం అనుమతి వచ్చాక టీవీ నిండా ప్రకటనలే. ఆ ప్రచారం వల్ల జబ్బు పేరు అందరికీ తెలిసింది, ఆ మందులు విచ్చలవిడిగా రాశారు. నేను ఆ బాపతే. అది వేరే పోస్టులో రాస్తా, పెద్ద కథ.

నడక గురించి: మితంగా అయితే మంచిదే, నాకూ పనిచేస్తుంది. రాత్రి తొమ్మిదింటికి జిమ్‌లో ఒళ్ళు విరుచుకుంటే మాత్రం ఆ రాత్రి జాగారమే.

సోంపేట_రాజు

మా నాన్నగారి గురించి రాస్తున్నా. మాది శ్రీకాకుళం వైపు ఉద్దానం, అక్కడ ఎంతోమందికి కిడ్నీ జబ్బులన్న సంగతి అందరికీ తెలిసిందే. నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు కుర్చీలో కదలకుండా ఉండాలి, చేతికి సూదులు ఉంటాయి. రెండో గంట దాటాక కాళ్ళు మొదలవుతాయి. ఆయన పళ్ళు బిగించుకుని కూర్చుంటారు, నేను కింద కూర్చుని పిక్కలు నొక్కుతూ ఉంటా. ఒకసారి ఇంక నావల్ల కాదు మిషన్ తీసెయ్యండి అని గొడవ చేసి గంట ముందే లేచిపోయారు. అలా మధ్యలో ఆపితే ఒంట్లో నీరు, విషాలు మిగిలిపోతాయి కదా, సిస్టర్ నా మీద కేకలు.

మేం అది డయాలసిస్ వల్ల వచ్చే నీరసం అనుకున్నాం. కొత్తగా వచ్చిన నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టరు) అడిగి తెలుసుకుని, కిడ్నీ పేషెంట్లలో ఇది చాలామందికి ఉంటుంది, చెప్పుకోరు అన్నారు. ఐరన్ పరీక్షలు చూసి సెలైన్‌లో ఐరన్ సుక్రోజ్ పెట్టారు, గాబాపెంటిన్ అనే నరాల మందు బాగా తక్కువ డోసులో డయాలసిస్ అయిన తర్వాత ఇస్తున్నారు. ఇప్పుడు ఆయన నాలుగు గంటలూ కూర్చుంటున్నారు. మధ్యమధ్యలో కుర్చీలోనే మడమలు పైకీ కిందకీ ఆడించమన్నారు.

ఒక్క విషయం. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ రెండూ కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు పక్కింటాయన డోసు చూసి వేసుకుంటే మత్తు ఎక్కి పడిపోతారు. మా ఊళ్ళో ఒకాయన మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని రెండు రోజులు లేవలేదు.

మోడరేటర్

రాజు గారు చెప్పింది అందరూ గమనించగలరు. ఇక్కడ ఎవరూ మరొకరికి డోసులు చెప్పవద్దు. మీ అనుభవం రాయండి, ఏ మందు అన్నది రాయండి, ఎన్ని మిల్లీగ్రాములన్నది మీ డాక్టరుతో. నరాల నూనె అమ్మే వ్యక్తి పెట్టిన రెండు పోస్టులు, ఫోన్ నంబరుతో సహా తీసేశాను.

బెజవాడ_లహరి

నాకు ఇప్పుడు ఏడో నెల. గత నెల నుంచి అచ్చం పద్మ గారు చెప్పినట్టే. మా అత్తగారు "బిడ్డ బరువుకి నరాలు నొక్కుకుంటాయి, మామూలే" అంటున్నారు. గూగుల్ చేసి భయమేసింది. జీవితాంతం ఉంటుందా? మందులు వేసుకోకూడదు కదా?

ఫార్మసీ_సునీత

లహరీ, టెన్షన్ పడకమ్మా. కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో ఇది చాలామందికి వస్తుంది, కాన్పు అయ్యాక ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే పోతుంది. మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు తిరిగి రావచ్చు, కొందరికి పెద్దయ్యాక కూడా రావచ్చు, అది వేరే సంగతి. మీ గైనకాలజిస్ట్‌కి చెప్పి ఫెరిటిన్ చూడమని అడుగు. అందరికీ ఇచ్చే ఐరన్ మాత్ర సరిపోతుందో, ఇంకా కావాలో వాళ్ళే చెప్తారు.

ఇంకో మాట, వాంతులకి నీకు ఏ మాత్ర ఇచ్చారు? మెటోక్లోప్రమైడ్ అయితే అది కాళ్ళ గోల పెంచుతుంది, డోపమైన్‌ని అడ్డుకునే మందు అది. మానేయమనట్లేదు, డాక్టర్ని అడుగు, వేరేవి ఉన్నాయి.

అసలు ఈ మాట అందరికీ చెప్పాలి. నేను కౌంటర్ దగ్గర ఎన్నేళ్ళుగానో చూస్తున్నా, కాళ్ళు లాగుతున్నాయని వచ్చేవాళ్ళ చీటీలోనే దొంగ ఉంటాడు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, దురదకి వేసే ఫెనిరమిన్, నిద్ర కోసం కొనుక్కునే డైఫెన్‌హైడ్రమిన్, ఇవన్నీ మత్తు తెచ్చే అలర్జీ మందులు. నిద్ర వస్తుంది కదా అని వేసుకుంటారు, కాళ్ళు మాత్రం నిద్రపోనివ్వవు. కళ్ళు తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ అంతే. డిప్రెషన్‌కి ఇచ్చే మందుల్లో చాలావాటికి ఈ గుణం ఉంది, మిర్టాజపిన్ మరీనూ, అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ కూడా.

పద్మ గారూ, మీ జంట మాత్ర సంగతి అర్థమైందా? ప్రీగాబలిన్ ఈ జబ్బుకి పనికొచ్చే మందే. దానికి జతచేసిన నార్ట్రిప్టిలిన్ కొందరికి ఎదురు తిరుగుతుంది. మన దగ్గర నరాల మాత్రలంటే ఈ కాంబినేషన్లే, ఒకటి మంచి చేస్తుంటే ఇంకోటి చెడగొడుతున్నా ఎవరికీ తెలియదు. మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు గారిని ప్రీగాబలిన్ ఒక్కటే ఉన్నది రాయొచ్చా అని అడగండి.

కరీంనగర్_శీను

సునీతక్కా, నాకు డస్ట్ అలర్జీ. రోజూ రాత్రి ఒక గోలీ ఏస్కుంట. స్ట్రిప్పు మీద క్లోర్‌ఫెనిరమిన్ అనే ఉంది. ఆగండి, ఇది చూసి తలకాయ తిరుగుతుంది.

ఫార్మసీ_సునీత

ఫెక్సోఫెనడిన్ లాంటి మత్తు లేని రకం సరిపోతుందేమో మీ డాక్టర్ని అడుగు తమ్ముడూ. ముక్కులో కొట్టుకునే స్ప్రే అయినా సరే.

డల్లాస్_వాసు

సరే, నా కథ. నాకు 38 ఏళ్ళప్పుడు డాక్టరు ప్రామిపెక్సోల్ ఇచ్చాడు. మొదటి రాత్రే అద్భుతం. దేవుడి ప్రసాదం అనుకున్నా. రెండేళ్ళు హాయిగా గడిచింది. తర్వాత రాత్రి పదింటికి రావాల్సింది ఎనిమిదింటికి రావడం మొదలైంది, డోసు పెంచారు. తర్వాత సాయంత్రం ఆఫీసు మీటింగులో, మళ్ళీ పెంచారు. చివరికి మధ్యాహ్నం లంచ్ అయ్యాక కూడా, కాళ్ళతో పాటు చేతుల్లోకి వచ్చేసింది. జబ్బు ముదిరిందేమో అనుకున్నాం అందరం. జబ్బు కాదు, మందే. దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. ప్రామిపెక్సోల్, రోపినిరోల్, లెవోడోపా, ఈ డోపమైన్ రకం మందులన్నిటికీ ఈ గుణం ఉంది. డోసు పెంచినకొద్దీ మంటకి నెయ్యి పోసినట్టే.

అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025 జనవరిలో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ఈ మందుల్ని మామూలుగా మొదట వాడొద్దని చెప్పేసింది. ఇప్పుడు ముందుకొచ్చినవి ఇనుము సరిచేయడం, ఆ తర్వాత గాబాపెంటిన్, ప్రీగాబలిన్ జాతి. వాటికీ బాధలున్నాయి: మత్తు, తల తిరగడం, ఒళ్ళు రావడం. నాకైతే బెల్టు రెండు రంధ్రాలు జరిగింది. అయినా సాయంత్రం కూర్చుని పిల్లలతో అన్నం తినగలుగుతున్నా.

ప్రామిపెక్సోల్ వేసుకుంటున్నవాళ్ళు ఇది చదివి రేపే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే కొన్ని రాత్రులు అసలు కన్ను మూతపడదు. నాకు ముందు ఐరన్ ఎక్కించి, గాబాపెంటిన్ మొదలుపెట్టి, నెలల తరబడి చిన్న చిన్న ముక్కలుగా తగ్గించారు.

మాధవి_కూకట్‌పల్లి

వాసు గారూ మీరు ఇంకో సైడ్ ఎఫెక్ట్ రాయలేదు. మా బావగారు బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యారు, టీ తాగడానికి కూడా లెక్క చూసుకునే మనిషి. కాళ్ళకి ఇదే మందు మొదలుపెట్టాక ఫోన్‌లో రమ్మీ పట్టుకున్నారు. మొదట్లో సరదా అనుకున్నాం. తర్వాత అక్క పాస్‌బుక్ చూస్తే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి మాయం. ఇంట్లో పెద్ద రభస, పిల్లలు నాన్నని తిట్టడం, ఆయన ఏడవడం. నేనెందుకిలా చేస్తున్నానో నాకే తెలియట్లేదు అనేవారు. న్యూరాలజిస్ట్ దగ్గరికి వేరే పని మీద వెళ్ళినప్పుడు అక్క యథాలాపంగా చెప్తే ఆయన వెంటనే మందు తగ్గించడం మొదలుపెట్టారు. జూదం, అదుపు లేని షాపింగ్, తిండి పిచ్చి, ఇవన్నీ ఈ మందుకి తెలిసిన దుష్ప్రభావాలేనట! మందు పూర్తిగా పోయాక రమ్మీ కూడా దానంతట అదే పోయింది. డబ్బు రాలేదనుకోండి.

మందు రాసేటప్పుడు ఎవరూ ఇంట్లోవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పరెందుకు? వేసుకున్న మనిషికి తెలియదు, చూసేవాళ్ళకే తెలుస్తుంది.

డల్లాస్_వాసు

నాకు ఆ బాధ రాలేదు కాబట్టి రాయలేదు, మంచి పని చేశారు చెప్పి. పార్కిన్సన్స్‌కి ఇవే మందులు వాడతారు, అక్కడా ఇదే గొడవ.

చిట్కాల_చిన్నమ్మ

దుప్పటి కింద స్నానం సబ్బు పెట్టుకుని పడుకోండి, మా చెల్లెలికి తగ్గింది. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మర్దనా చేసుకోండి. మెగ్నీషియం మాత్రలు వేసుకోండి. పడుకునే ముందు అరటిపండు తినండి.

ల్యాబ్_బాబాయ్

చిన్నమ్మ గారూ, సబ్బుకి ఆధారం లేదు, ఖర్చూ లేదు, పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. నూనె మర్దనా, వేణ్ణీళ్ళ స్నానం, పడుకునే ముందు పిక్కలు సాగదీయడం, ఇవి చాలామందికి కాసేపు ఉపశమనం ఇస్తాయి, మా ఇంట్లో రోజూ జరిగేదే. మెగ్నీషియంకి గట్టి రుజువులు లేవు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అసలు ముట్టుకోకూడదు. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ మానేయడం, మద్యం తాగే అలవాటుంటే అది తగ్గించడం వీటికంటే మేలు. గురక ఉండి పగలు కునికిపాట్లు పడేవాళ్ళు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందేమో చూపించుకోవాలి, అది ఉంటే ఇదీ ఎక్కువవుతుంది.

మా ఆవిడ కనిపెట్టిన ఇంకో ఉపాయం: చేతులకీ బుర్రకీ పని ఉంటే కాళ్ళు ఊరుకుంటాయి. పదకేళి పట్టుకుంటే అరగంట కదలదు. టీవీ ముందు ఊరికే కూర్చుంటే అయిదు నిమిషాలు కూడా కుదరదు.

పద్మ_కాకినాడ

రిపోర్టు వచ్చిందండీ. ఫెరిటిన్ 19. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 14 శాతం. ల్యాబ్ కాగితంలో ఫెరిటిన్ పక్కన నార్మల్ 10 నుంచి మొదలని ఉంది, అందుకని ఎర్రగా గుర్తు కూడా పెట్టలేదు. మా ఫ్యామిలీ డాక్టరు గారు చూసి "నార్మలే కదమ్మా" అన్నారు. ఏం చెయ్యను?

ల్యాబ్_బాబాయ్

పద్మ గారూ, ఆ కాగితం మీద ఉండే నార్మల్ అన్నది అందరికీ కలిపి వేసిన లెక్క. ఈ జబ్బున్న పెద్దవాళ్ళకి గీత వేరే. ఫెరిటిన్ 75 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా, శాచురేషన్ 20 శాతం లోపున్నా ఐరన్ ఇవ్వాలన్నది ఇప్పటి మార్గదర్శకం. 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్ర కంటే సెలైన్ ద్వారా ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. మీవి రెండూ తక్కువే. న్యూరాలజిస్ట్ దగ్గరికి రిపోర్టు పట్టుకెళ్ళి రెస్ట్‌లెస్ లెగ్స్ అన్న పేరు మీరే చెప్పండి, మొహమాటపడకండి. "కాళ్ళు లాగుతున్నాయి" అంటే మళ్ళీ కాల్షియం రాస్తారు.

ఇంకొకటి, నిల్వ ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. మీ వయసులో నెలసరి ఎక్కువవుతుంటే అదే కారణం కావచ్చు, గైనకాలజిస్ట్‌కి చూపించండి. మగవాళ్ళకి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి ఇనుము తగ్గిందంటే మాత్రం కడుపులో పుండు, పేగుల్లో రక్తం పోవడం లాంటివేమైనా ఉన్నాయేమో వెతకాలి. ఉత్తి ఐరన్ మాత్రతో సరిపెట్టుకోకూడదు.

కరీంనగర్_శీను

నా ఫెరిటిన్ 210 వచ్చింది బాబాయ్. మరి నేను కూడా ఐరన్ ఏస్కోవాల్నా?

ల్యాబ్_బాబాయ్

వద్దయ్యా. ఉన్నవాళ్ళకి ఇనుము పోస్తే కాలేయంలో పేరుకుంటుంది. పరీక్ష లేకుండా ఎవరూ వేసుకోవద్దు, తలసీమియా ఉన్న కుటుంబాలవాళ్ళయితే మరీ. నీ సంగతి అలర్జీ గోలీ మార్చాక చూద్దాం.

పద్మ_కాకినాడ

న్యూరాలజిస్ట్ గారిని కలిశాను. ఈయన మంచాయన, పేరు చెప్పగానే "ఎవరు చెప్పారమ్మా మీకు, బాగా పట్టుకున్నారు" అన్నారు. జంట మాత్ర తీసేసి ప్రీగాబలిన్ ఒక్కటే ఉంచారు, పడుకోవడానికి గంట ముందు. ఐరన్ మాత్ర రాశారు, మూడు నెలల తర్వాత మళ్ళీ ఫెరిటిన్. మాత్ర పడకపోతే, లేదా పెరగకపోతే సెలైన్‌లో ఎక్కిద్దాం అన్నారు. వేసుకోవడం మొదలుపెట్టా, కడుపులో తిప్పుతోంది, మలబద్ధకం. విరేచనం రంగు కూడా నల్లగా. ఇది మామూలేనా?

ఫార్మసీ_సునీత

నల్లగా రావడం మామూలే. మాత్ర వేసుకునే పద్ధతిలోనే సగం ఉంది. పరగడుపున నిమ్మరసంతో గానీ విటమిన్ సి తో గానీ వేసుకుంటే ఎక్కువ పడుతుంది. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర దగ్గర్లో ఉంటే ఇనుము ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మన ఇళ్ళల్లో పొద్దున లేవగానే కాఫీ, దాంతోపాటే మాత్ర. ఇంకేం పడుతుంది? థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకి నాలుగు గంటల తేడా కావాలి. కడుపుకి పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి, అలా వేసుకున్నా ఒంటికి బాగానే పడుతుందని ఇప్పుడు చాలామంది డాక్టర్లు రాస్తున్నారు, కడుపు బాధా తగ్గుతుంది.

ఓపిక పట్టాలి. నిల్వ నిండడానికి నెలలు పడుతుంది, మొదటి వారంలో ఏమీ తెలియదు.

డల్లాస్_వాసు

సెలైన్ సంగతి నేను చెప్తా. నాకు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఎక్కించారు, ఇప్పుడు ఈ జబ్బుకి ఎక్కువ ఆధారాలున్న ఐవీ ఐరన్ అదే. పావుగంటలో అయిపోతుంది, తర్వాత అరగంట కూర్చోబెట్టి చూస్తారు. కాళ్ళు తగ్గడం మాత్రం అదే రాత్రి కాదు, నాకు నెల దాటాక తెలిసింది. కొందరికి రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది, తర్వాత బాగా నీరసంగా ఉన్నా ఒళ్ళు నొప్పులున్నా ఆ పరీక్ష అడగండి. ఇండియాలో కూడా ఈ మందు దొరుకుతుంది, కాన్పుల వార్డుల్లో రక్తం తక్కువ ఉన్నవాళ్ళకి ఇదే వాడతారు.

నిజం_నాని

అన్నీ చదివాను. మా ఆవిడ కూడా రాత్రిళ్ళు కాళ్ళు నొక్కమంటుంది, నేనేమో బద్ధకం అని కసిరేవాణ్ణి. పరీక్ష ఎంతవుతుంది?

ల్యాబ్_బాబాయ్

ఊరిని బట్టి, ల్యాబ్‌ని బట్టి మారుతుంది నాని గారూ. ఫెరిటిన్ ఒక్కటే కాకుండా ఐరన్ ప్రొఫైల్ కలిపి ప్యాకేజీగా అడగండి, విడివిడిగా చేయించేకంటే తక్కువపడుతుంది. పరీక్ష అయ్యేదాకా కాళ్ళు నొక్కుతూ ఉండండి.

కరీంనగర్_శీను

గోలీ మార్చిన. పూర్తిగా పోలే కానీ వారంల సగం రాత్రులు నిద్ర వస్తుంది. ఊరికి పోయేటప్పుడు బస్సు మానేసి రైలుకి పోతున్న, లేచి డబ్బాలో అటిటు తిరగొచ్చు. సైడ్ లోయర్ దొరికితే ఇంక రాజాలెక్క. పై బెర్త్ మాత్రం వద్దు భయ్యా, దిగుడు ఎక్కుడుకే తెల్లారుతది.

పద్మ_కాకినాడ

నాకు కూడా మునుపటికంటే నయం. నార్ట్రిప్టిలిన్ తీసేశాకే పెద్ద తేడా తెలిసింది, ఐరన్ పని ఇంకా చూడాలి. పన్నెండింటికల్లా నిద్రపోతున్నా. ప్రీగాబలిన్‌కి పొద్దున కాస్త తల తిరుగుతోంది, మొదటి పీరియడ్ కుర్చీలో కూర్చునే చెప్తున్నా, పిల్లలు ఆశ్చర్యపోతున్నారు.

ఇంకో అనుమానం. మా అక్క మనవడు, తొమ్మిదేళ్ళు. రాత్రిళ్ళు కాళ్ళు నొప్పి అని ఏడుస్తాడు, ఎదిగే వయసు నొప్పులు అంటారు. బడిలో కుదురుగా కూర్చోడని టీచర్లు ఫిర్యాదు. పిల్లలకి కూడా వస్తుందా ఇది?

ల్యాబ్_బాబాయ్

వస్తుంది. వాళ్ళకి చెప్పడం రాదు, అందుకని నొప్పి అంటారు. వాడినే అడగమనండి, "కాళ్ళు ఏం చెయ్యాలనిపిస్తోంది" అని, పేర్లు మీరు అందించకుండా. పరిగెత్తాలని ఉంది అన్నాడంటే ఆలోచించాల్సిందే, అందులోనూ మీ అమ్మగారి నుంచి నడుస్తున్న వంశం. పిల్లల డాక్టరుకి చూపించి ఫెరిటిన్ చేయించమనండి, పిల్లల్లో 50 లోపుంటే ఐరన్ గురించి ఆలోచిస్తారు. డోసు బరువుని బట్టి ఉంటుంది, పెద్దవాళ్ళ మాత్ర విరిచి ఇవ్వొద్దు. ఐరన్ మాత్రల డబ్బా కూడా వాడికి అందకుండా పెట్టమనండి, పిల్లలు ఎక్కువ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

పద్మ_కాకినాడ

ఇప్పుడే అక్కకి ఫోన్ చేశా. శనివారం తీసుకెళ్తారట. రిపోర్టు రాగానే ఇక్కడ పెడతా బాబాయ్ గారూ.